ఆకుపచ్చ పట్టు సంచీ, విరిగిన ఉత్తరం

లేబర్ డే సెలవు మర్నాడు, నాకు యాభై తొమ్మిదో ఏడు నడుస్తుండగా, పార్సిప్పనీకి కారులో అరగంట దూరాన ఉన్న ఒక చిన్న ఊళ్ళో చరిత్ర సంఘం వారి లైబ్రరీలో ఉద్యోగంలో చేరాను. హోదా కన్జర్వేషన్ టెక్నీషియన్, మొదటి గ్రేడు. పాత కాగితాలు బాగుచేసే గదిలో అందరికంటే కింది మెట్టు అన్నమాట. నా పైన కన్జర్వేటర్ ఎలెన్. ఆవిడకు ఈ పనిలో పెద్ద చదువుంది. కాగితాల్లో ఏముందో చదివి, ఏది ఎవరు రాశారో తేల్చి జాబితా కట్టే పని ఆర్కైవిస్టు మార్టిన్‌ది. టెక్నీషియన్ కాగితాన్ని బాగుచేయాలి, ఎలా బాగుచేయాలో కన్జర్వేటర్ చెప్పాలి, అందులో ఏముందో ఆర్కైవిస్టు చూసుకోవాలి. ఒకరి పనిలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఈ ఏర్పాటు నాకు బాగానే ఉండేది. నేను చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అచ్చక్షరాలైతే కూడబలుక్కుంటాను, చేతిరాత అసలే రాదు.

మరి ఉద్యోగం ఎలా ఇచ్చారండీ అని ఇక్కడి తెలుగు సంఘం పిల్లలు అడుగుతుంటారు. చెబుతాను. పన్నెండో ఏటి నుంచి తెనాలిలో బైండింగ్ షెడ్డులో పనిచేశాను. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాలు, అదే ఫారాలు, మడిచాను, కుట్టాను, మైదాపిండిలో మైలుతుత్తం వేసి జిగురు కాచాను, అట్టలు కట్టాను. అమ్మాయి దగ్గరికి వచ్చాక, గ్రీన్ కార్డు చేతిలో పెట్టుకుని సోఫాలో కూర్చోలేక, ఆ లైబ్రరీకి వాలంటీరుగా వెళ్ళాను. రెండో వారం ఎలెన్ నా వెనక నిలబడి, నేను కాగితం మడిచే తీరు చాలాసేపు చూసింది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. తెనాలి అన్నాను. అది మంచి కాలేజీయేనా అంది. చాలా కఠినమైన కాలేజీ అన్నాను.

నేర్చుకున్నదంతా పనికొచ్చింది గానీ ఒక్కటి మాత్రం మరిచిపోవాల్సి వచ్చింది. తెనాలిలో మంచి జిగురంటే, పుస్తకం చిరిగినా అది ఊడకూడదు. ఇక్కడ సరిగ్గా తిరగబడింది. గోధుమ గంజి కాచి, పల్చటి జపాను కాగితం పీలికలతో చిరుగులు అతకాలి. ఎప్పుడు తడి చేస్తే అప్పుడు ఊడిరావాలి. నువ్వు చేసిన ప్రతి పనీ నీ తర్వాత వచ్చేవాళ్ళు విప్పగలగాలి, అదీ నియమం. ఊడిపోయే జిగురు పూయడానికి నాకు జీతమిస్తారా అని మొదట్లో నవ్వుకున్నాను.

ఇంకో గొడవ, ఆ జపాను కాగితం. ఎలెన్ పీలికలు కత్తిరించి మిగిలిన ముక్కలు చెత్తబుట్టలో వేసేది. నాకు ప్రాణం ఒప్పేది కాదు. ఖాళీ బిస్కెట్ డబ్బా తెచ్చి వేలెడు ముక్క కూడా వదలకుండా దాచేదాన్ని. ఆ డబ్బా చూసి అందరూ నవ్వేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి ఎవరికి చిన్న ముక్క కావాలన్నా ఆ డబ్బా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎందుకో అడగనిదే ఇచ్చేదాన్ని కాదు. ముందు చేతులు కడుక్కోమనేదాన్ని.

ఇక అసలు సంగతి. నేను చేరిన నాలుగో ఏడు, ఒక ప్రదర్శన కోసం మూడు పెట్టెల ఉత్తరాలు మా బల్ల మీదికి వచ్చాయి. పందొమ్మిదో శతాబ్దంలో, ఇక్కడ ఇంకా బానిసత్వం ఉన్న రోజుల్లో, దాన్ని తీసెయ్యాలని పోరాడిన ఆడవాళ్ళు ఈ ఊళ్ళో కొందరు, సముద్రానికి అవతల ఇంగ్లండులో కొందరు ఉండేవారు. వాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలవి. సభలు, చందాలు, ఓటు హక్కు, తాగుడు మాన్పించడం, మధ్యలో జలుబులు, పిల్లల పళ్ళు. అన్నీ ఒకే కాగితంలో.

ఆ ఒకే కాగితం అన్న మాటే ముఖ్యం. ఓడలో వెళ్ళే ఉత్తరానికి బరువును బట్టి రుసుము. అందుకని ఒక పెద్ద కాగితాన్ని మధ్యకు మడిచి, రెండు ఆకులు నాలుగు పేజీలు చేసుకుని, అంచుల దాకా రాసేవారు. చోటు అయిపోతే కాగితాన్ని అడ్డం తిప్పి, రాసిన దాని మీదే మళ్ళీ రాసేవారు. పైనుంచి చూస్తే కిటికీ ఊచల్లా ఉంటుంది. మార్టిన్ వాటిని చూసినప్పుడల్లా తల పట్టుకునేవాడు. ఎంత పొదుపైన ఆడవాళ్ళో అని నేను మాత్రం మురిసిపోయేదాన్ని.

ఆ ఉత్తరాలతో పాటు ఒక ఆకుపచ్చ పట్టు సంచీ కూడా ఉంది. సూదులూ దారాలూ పెట్టుకునేది, మూతి దగ్గర తాడు బిగించేది, మీద దానిమ్మ కాయలు కుట్టినది. ఆ సంచీ ఈ ఊరి పెద్దావిడది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఆవిడ పేరు మీదే. సంచీ ఎవరు కుట్టారో మాత్రం ఎక్కడా రాసిలేదు. దాని పక్కన పెట్టబోయే చీటీ మీద ‘తయారుచేసినవారు: తెలియదు’ అని ఉంది.

ఆ ‘తెలియదు’ అన్న మాట డెలోరిస్ గారికి పంటి కింద రాయిలా ఉండేది. ఆవిడ నాకంటే ఆరేళ్ళు పెద్ద, నల్లజాతి ఆవిడ, ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి రిటైరయ్యారు. ప్రతి బుధవారం వాలంటీరుగా వచ్చి పాత చేతిరాతలు చదివి కంప్యూటరులో ఎక్కించేవారు. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడే చెప్పిందట, ఆ సంచీ మన హెస్టర్ చేతి పని అని. హెస్టర్ అంటే వాళ్ళ ఐదు తరాల కిందటి అవ్వ. ఈ ఊళ్ళోనే బట్టలు కుట్టి బతికి, ఆ ఆడవాళ్ళ సభల్లో లేచి మాట్లాడిన మనిషి అని ఇంట్లో చెప్పుకునేవారు. కాగితం మీద ఆవిడ పేరు ఒక్కచోటా లేదు. అందుకే మూడేళ్ళుగా డెలోరిస్ గారు ఒక్కొక్క ఉత్తరమే వెతుకుతున్నారు.

“మీ ఇంట్లో అనుకునే మాటను నేను చీటీ మీద వేయలేను, మిస్ డెలోరిస్. రాతలో ఉండాలి,” అనేవాడు మార్టిన్. మాట మర్యాదగానే అనేవాడు, న్యాయంగానూ ఉండేది.

“నాకు తెలుసు నాయనా. పోస్టాఫీసులో నేనూ అంతే. చిరునామా లేకపోతే మా అమ్మ రాసిన ఉత్తరమైనా పక్కన పడేసేదాన్ని,” అనేవారు ఆవిడ. అని, నా వైపు తిరిగి కన్ను కొట్టేవారు.

చీటీలు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి అచ్చుకు వెళ్ళాలి. ఆ వారమే, బుధవారంనాడు, నా బల్ల మీదికి ఆఖరి ఫోల్డరు వచ్చింది. అందులో ఒకే ఒక్క ఆకు. మడత దగ్గర విరిగిపోయి, రెండో ఆకు పోయిన ఉత్తరం. జాబితాలో ‘అసంపూర్ణం, రెండో ఆకు లేదు’ అని ఏనాడో ఎవరో రాసిపెట్టారు. డెలోరిస్ గారు అది నాకు చదివి వినిపించారు. ఇంగ్లండు ఆవిడ రాస్తోంది. మీరు పంపిన దానిమ్మల సంచీ చేరింది, మీ దగ్గరున్న సంచీకి ఇది జోడని, రెండూ ఒక్క చేతి మీదే కుట్టించారని రాశారు కదా, ఆ కుట్టిన మనిషి పేరు మా ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాను అని. అక్కడితో పేజీ అయిపోయింది. పేరు తర్వాతి ఆకులో ఉండాలి.

డెలోరిస్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “చూశావా సుబా, గుమ్మం దాకా వచ్చి తలుపేసుకుంది,” అని నవ్వారు. నా పేరు సుభద్ర. ఆవిడ నోటికి అంతే తిరిగేది.

ఆవిడ వెళ్ళాక నేను పని మొదలుపెట్టాను. అతికే ముందు కాగితాన్ని కింద లైటున్న గాజుబల్ల మీద పెట్టి రెండు పక్కలా చూసి, ఎలా ఉందో ఫారంలో రాయాలి. చదవడం రాదు కాబట్టి నాకు అక్షరాలు అడ్డురావు. మరకలు, మడతలు, సూది బెజ్జాలు కనిపిస్తాయి. రెండో పేజీ మీద, రాతకు వెనకగా, గోధుమరంగు నీడ ఒకటి కనిపించింది. ఆ కాలపు సిరాలో ఇనుము ఉంటుంది. ఏళ్ళ తరబడి రెండు పేజీలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, ఒకదాని సిరా ఎదురు పేజీ మీద అద్దంలో చూసినట్టు తిరగబడి అంటుతుంది. ఆ నీడ అడుగున ఒక సంతకం ఆకారం ఉంది. జాంగ్రీ చుట్టినట్టు మూడు చుట్లు, కింద పొడుగాటి తోక.

ఆ జాంగ్రీని నేను ఇదివరకే చూశాను. తిరగబడినది కాదు, సవ్యమైనది. మూడు వారాల కిందట, మూడో పెట్టెలోని ఒక ఆకు మీద.

 నాకు సంతోషం కాదు, భయం వేసింది. ఆ ఆకును బాగుచేసింది నేనే. దాని ఒక పక్క అంచు పొడుగునా పీచుపీచుగా ఉంటే, నలిగిన అంచు అనుకుని జపాను కాగితం పట్టీ వేసి శుభ్రంగా మూసేశాను. ఫారంలో ‘ఆకు పూర్తిగా ఉంది’ అన్న గడిలో టిక్కు పెట్టాను. అది నలిగిన అంచు కాదు, విరిగిన మడత. జన్మంతా మడతలు పెట్టిన మనిషిని, పోల్చుకోలేకపోయాను.

వెళ్ళి ఎలెన్‌కి చెప్పాను. తప్పు నాదని ముందే చెప్పాను. ఆవిడ వచ్చి చూసి, మార్టిన్‌ని పిలిచింది. అతను జాబితా తెరిచి తల అడ్డంగా ఊపాడు. మూడో పెట్టెలోనిది రాసింది వేరే ఆవిడ, ఈవిడ స్నేహితురాలు. సంతకం ఉంది. పై సగం అడ్డరాత పడి చదవడానికి వీల్లేదు, కింది సగం బాగానే ఉంది. ఉత్తరం పూర్తిగానే ఉంది అన్నాడు. పైగా ఆ పెట్టె ప్రదర్శన కోసం కట్టేశారు, విప్పించాలంటే స్లిప్పు రాయాలి, ఒక రోజు పడుతుంది.

నేను ఒక్కటే అడిగాను. “ఆ ఉత్తరం మొదట్లో ‘డియర్’ అని ఉందా?”

అతను వెతికి చూశాడు. “లేదు. ‘సంబోధన చదవడానికి వీలుకాలేదు’ అని ఉంది.”

“వీలుకాకపోవడం కాదు, ఉండనే ఉండదు. ఒకే కాగితం మీద ఇద్దరు రాశారు,” అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో అంతకంటే చెప్పడం కష్టం. అయినా చెప్పాను. మా ఇంట్లో ఇన్‌లాండ్ కవరు ఉండేది. నీలం కాగితం, అదే ఉత్తరం, అదే కవరు. లోపల ఇంకో కాగితం పెట్టకూడదు. ఖమ్మంలో ఉన్న మా అక్కకు మా అమ్మ సగం చెప్పి రాయించేది. మిగిలిన చోట్లో మా పిన్ని రాసేది. అమ్మ రాయించిన ‘చిరంజీవి సౌభాగ్యవతి’ ఎలాగూ పైన ఉంది కదా, పిన్ని మళ్ళీ ఎందుకు రాస్తుంది? చోటు దండగ. తిన్నగా ‘మీ బాబాయికి కాలు వాచింది’ అని మొదలుపెట్టేది. ఆమెకూ చోటు చాలకపోతే అమ్మ రాయించిన దాని మీదే అడ్డంగా ఎక్కేది. అక్క జవాబు రాసేది, ఎవరు ఏమన్నారో తెలియలేదు గానీ అందరూ అరుస్తున్నారు కనక బతికే ఉన్నారనుకున్నాను అని.

ఎలెన్ పకపకా నవ్వింది. మార్టిన్ నవ్వలేదు. స్లిప్పు పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు. అతని పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. నమ్మకపోయినా తీసి చూస్తాడు.

అయిదింటికి మా మనవరాలు సహన కారు తెచ్చింది. అప్పట్లో రట్గర్స్ యూనివర్సిటీలో చదివేది. దారిలో చెబితే, “అమ్మమ్మా, నువ్వు మిస్టేక్ చేశావని నువ్వే చెప్పావా? దే కుడ్ ఫైర్ యు!” అంది.

“తీసేస్తే తీసేస్తారు. నువ్వు రోడ్డు చూసి డ్రైవ్ చెయ్యి,” అన్నాను.

“నో, సీరియస్‌లీ. అది వేరే లెటర్ అయితే?”

“అయితే నా పట్టీ నేనే మళ్ళీ వేస్తాను. గంజి ఉంది, ముక్క ఉంది.”

“నీ డబ్బాలో ముక్కా?” అని నవ్వింది. నేను నవ్వలేదు గానీ నవ్వు వచ్చింది.

గురువారం పదింటికి మూడో పెట్టె వచ్చింది. బుధవారం మనిషైన డెలోరిస్ గారు ఆ రోజు కూడా వచ్చారు. ఎలెన్ ఫోన్ చేసిందట. ఆవిడ చర్చికి వెళ్ళేటప్పటి ఊదారంగు టోపీ పెట్టుకొచ్చారు. పని గదిలో టోపీ వద్దని ఎలెన్ నెమ్మదిగా అంటే, “ఇది హెస్టర్ కోసం,” అని తీసి కిటికీ దగ్గర పెట్టారు.

నేను వేసిన పట్టీ నేనే తియ్యాలి. తడిపిన అద్దుడు కాగితాన్ని పట్టీ మీద పరిచి, పైన గాజుపలక పెట్టి ఇరవై నిమిషాలు ఆగాలి. తొందరపడితే పాత కాగితం పీచు కూడా లేచివస్తుంది. ఆ ఇరవై నిమిషాలూ నలుగురం ఆ బల్ల చుట్టూ ఆవకాయ జాడీ చుట్టూ చేరినట్టు నిలబడ్డాం.  మధ్యలో డెలోరిస్ గారు, “ఒకే ఉత్తరాన్ని రెండు గూళ్ళలో వేశారా! మా పోస్టాఫీసులో అయితే ఉద్యోగం ఊడేది,” అన్నారు. జాబితా రాసినవాళ్ళు ఎప్పుడో పోయారని మార్టిన్ చెప్పుకోవాల్సి వచ్చింది.

పల్చటి చదును కత్తితో అంచు లేపితే పట్టీ పాము కుబుసంలా ఊడివచ్చింది. ఊడిపోయే జిగురును చూసి నవ్వుకున్న మనిషిని, ఆ పూట దానికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అదే తెనాలి జిగురయితే ఆ అంచు ఇక దొరికేది కాదు.

తడి ఆరాక రెండు ఆకులనూ గాజుబల్ల మీద పక్కపక్కన జరిపాను. ఒక అంచులో ఎత్తు ఉన్నచోట రెండోదానిలో పల్లం. పై మూలన ఉన్న నీటి మరక ఇందులో సగం, అందులో సగం. రెండూ కలిస్తే గుండ్రంగా వచ్చింది. ఎలెన్ చిన్న అద్దం తెచ్చి నీడ దగ్గర పట్టింది. అద్దంలో జాంగ్రీ తిన్నగా నిలబడింది, ఎదురు ఆకు మీది జాంగ్రీలాగే.

“కాగితం ఒకటే,” అంది ఎలెన్. అది కన్జర్వేటర్ చెప్పవలసిన మాట. ఇక చదవడం మార్టిన్ వంతు. అతను కుర్చీ జరిపి డెలోరిస్ గారికి చోటిచ్చాడు.

పై సగమంతా ఊచల కిటికీ. ఆవిడ వంగి, నిక్కి, తల తిప్పి చూసి, రావడం లేదన్నారు. పైనుంచి చూడకండి అన్నాను. బల్ల ఎత్తుకు కళ్ళు దించి, చదవాలనుకున్న రాత పరుగెత్తే వైపు నుంచి ఏటవాలుగా చూడాలి. మా పిన్ని అడ్డరాతను అమ్మ రాతలోంచి అక్క చివరికి అలాగే విడదీయడం నేర్చుకుంది. అలా చూస్తే పైన ఉన్న అడ్డరాత చెదిరిపోయి, కింది వరసలు తేటగా నిలబడతాయి. డెలోరిస్ గారు మోకాళ్ళ నొప్పి లెక్కచేయకుండా నేల మీద మోకరించి, గడ్డం బల్లకు ఆనించారు.

మొదటి మాటే చదివారు. హెస్టర్. తర్వాత ఇంటిపేరు. తర్వాత, ఆవిడ కుట్టు ఎంత సన్నమో ఆవిడ మాట అంత గట్టిది అని మీరు రాశారు, ఈసారి మా సభకు ఆవిడ మాటలు కూడా రాసి పంపండి అని ఉందట.

ఆ గదిలో గట్టిగా మాట్లాడకూడదు, చేతులు ఊపకూడదు. డెలోరిస్ గారికి ఆ నియమం గుర్తుంది. టోపీ తీసి తల మీద పెట్టుకుని, తిన్నగా నడిచి, తలుపు తీసి, వరండాలోకి వెళ్ళి, తలుపు జాగ్రత్తగా వేసి, అప్పుడు కేక పెట్టారు. మూడు అంతస్తులకూ వినిపించింది. కింద రీడింగ్ రూములోని వాళ్ళు పైకి పరుగెత్తుకొచ్చారు. ఆవిడ ప్రతి ఒక్కరికీ “మా హెస్టర్! రాతలో ఉంది, రాతలో!” అని చెబుతూ, ఎదురొచ్చిన వాళ్ళందరినీ కావలించుకున్నారు. నన్ను కావలించుకుని నేల మీంచి లేపేశారు. దింపండి, నా చేతికి గంజి ఉంది అన్నాను. వినలేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు తీసుకుని బయట బెంచీ మీద కూర్చున్నాం. నా పులిహోర సగం ఆవిడే తిన్నారు. మార్టిన్ అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని, పెన్సిలుతో చీటీ తిరగరాశాడు. శుక్రవారం పదకొండున్నరకు అది అచ్చుకు వెళ్ళింది. ‘తెలియదు’ ఉన్నచోట హెస్టర్ పేరు, ఇంటిపేరుతో సహా. జాబితాలో ఆ రెండు ఆకులకూ ఒకే నంబరు వేసి, రాసినవారి దగ్గర ఇద్దరి పేర్లూ చేర్చాడు. రెండు ఆకులనూ నేనే అతికాను. అతకడానికి వాడిన ముక్కలు బిస్కెట్ డబ్బాలోవే. కొత్త కాగితం తియ్యనివ్వలేదు.

ఆ తర్వాత ఇంకో అయిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నన్ను ఉద్యోగంలోంచి తియ్యలేదు గానీ, నేను పెట్టిన తప్పు టిక్కు ఫారంలో అలాగే ఉంది. కొట్టివేసి, పక్కన తేదీ వేసి, నా పొడి అక్షరాలు పెట్టించారు. అదీ నియమమే. నాకు కోపం రాలేదు. బాగుచేసే తొందరలో సాక్ష్యాన్ని కప్పేస్తామని, అతికే చేతికి ఆ భయం ఎప్పుడూ ఉండాలని ఆ వారం నేర్చుకున్నాను. ఉత్తరం రాసిన మనిషి ఒక్కరే అయి ఉండాలని లేదని మార్టిన్ నేర్చుకున్నాడు. మా ఫారంలో ఒక కొత్త గడి చేర్చారు: విరిగిన అంచుకు పెట్టెలోని మిగతా ఆకులన్నీ ఆనించి చూశారా, అవును, కాదు. ఆ గడి నింపడానికి ఐదో తరగతి సరిపోతుంది.